అప్‌డేట్: అమ్మ, గ్యాస్ నాబ్

అమ్మ రాత్రిళ్ళు పదిసార్లు లేచి గ్యాస్ కట్టేసిందో లేదో చూస్తోంది, ఇది మతిమరుపా అని రెండు నెలల క్రితం అడిగాను. కాదు, ఓసీడీ (అనుమానంతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక సమస్య) అన్నారు సైకాలజిస్ట్.

2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు వాన్ డెన్ హౌట్, కింట్ కంప్యూటర్‌లో బొమ్మ గ్యాస్ స్టవ్ పెట్టి మామూలు విద్యార్థుల చేత పదే పదే చెక్ చేయించారట. వాళ్ళ జ్ఞాపకం చెడలేదు, దాని మీద నమ్మకం మాత్రం తగ్గింది. అంటే చూసేకొద్దీ అనుమానం పెరుగుతుంది! వింటుంటే ఏడుపొచ్చింది. "ఇంకోసారి చూసి రామ్మా" అని పంపింది నేనే కదా.

ఇప్పుడు ఈఆర్‌పీ థెరపీ (భయం వచ్చినా మళ్ళీ చెక్ చేయకుండా ఆగడం అలవాటు చేసే చికిత్స) నడుస్తోంది. ఒక్కసారే కట్టేసి వచ్చి పడుకోవాలి, ఎంత టెన్షన్ వచ్చినా లేవకూడదు. మొదటి వారమంతా కొంగు వేలికి చుట్టుకుంటూ మంచం మీదే కూర్చుంది. నిన్న రెండుసార్లే లేచింది.