సమస్యాపూరణం: నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

నిర్వాహకుడు:

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

తేటగీతి పాదం. దీన్ని నాలుగో పాదంగా ఉంచి పైన మూడు పాదాలు రాయాలి. కొత్తగా చేరినవాళ్ళ కోసం లక్షణం ఒకసారి చెప్తాను. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. గణమంటే గురువులు (బరువుగా పలికే అక్షరాలు), లఘువులు (తేలిగ్గా పలికేవి) వరుసగా వచ్చే చిన్న గుంపు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (ఆ రెండు చోట్లా మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది.

సందర్భం కూడా ఇస్తున్నాను. వెలుగమ్మ మనం కల్పించుకున్న కథానాయిక. మామూలు ఇంట్లో పుట్టిన మామూలు పిల్ల. ఒక క్షణాన ఆమెకు మహిమ వస్తుంది. అప్పటినుంచి ఊరికో, చెరువుకో, అడవికో ఆమె కాపలా. ఆ క్షణం మీ పద్యంలో కనిపించాలి. రాజకుమార్తెలు వద్దు, శాపం తగిలి భూమికి దిగిన అప్సరసలు వద్దు. నల్గొండ, పాలమూరు, నాగర్‌కర్నూలు, ఎక్కడైనా సరే, కథ మన నేల మీద నడవాలి.

నీడలో వెలుగు ఎట్లా లేస్తుంది? విరోధం అక్కడే ఉంది. దాన్ని దాటేసి పోకుండా విప్పండి.

జడ్చర్ల నుంచి:

అన్నా, నాకు పాలమూరు దగ్గరి పాత మర్రిచెట్టు పిల్లలమర్రి తప్ప వేరే చోటు తోచలేదు. చూడండి.

మర్రి యూడల చీకటి మాటు నుంచి
పాలమూరున పసిపిల్ల భయము లేక
చెదలు తిన్న కొమ్మపైన చేయి వేసె
నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

నిర్వాహకుడు:

తమ్ముడూ, ఊహ చాలా బాగుంది. ఆ చెట్టుకు దాదాపు 700 ఏళ్ళంటారు. మూడెకరాల దాకా పరుచుకుంది. 2018లో చెదల నుంచి కాపాడటానికి కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టు చెట్టుకు చుక్కచుక్కగా మందు ఎక్కించిన చోట ఒక పసిపిల్ల చెయ్యి వేసిందంటే చదివేవాళ్ళు వెంటనే నమ్ముతారు. మహిమ పుట్టడానికి అంతకన్నా మంచి చోటు పాలమూరులో నాకూ తోచదు.

అయితే మూడో పాదంలో గణభంగం ఉంది. 'చెదలు' నగణం, సరే. 'తిన్న కొ' రగణం, అదీ సరే. తర్వాత మిగిలిన 'మ్మపైన' లఘువు, గురువు, లఘువు. అది జగణం. ఇంద్రగణాల్లో జగణం లేదు. చదివేటప్పుడు నాలుక అక్కడే తట్టుకుంటుంది, ఒకసారి పైకి చదివి చూడు. ఇట్లా మార్చుకో.

చెదలు తిన్నట్టి కొమ్మకు చేయి వేసె

ఇప్పుడు 'తిన్నట్టి' తగణం, 'కొమ్మకు' భగణం. యతి చె, చే. అర్థం ఏమీ పోలేదు. పైగా 'కొమ్మకు చేయి వేసె' అన్నప్పుడు జబ్బుపడ్డ మనిషిని తాకినట్టు వినిపిస్తుంది.

మిర్యాలగూడ నుంచి:

నాది ఒక్క పాదం గురించే అడుగుతున్నా సార్. 'నీడ యనునట్టి తల్లికి బిడ్డ పుట్టె' అని మొదలుపెట్టిన. నీడ, బిడ్డ అని ప్రాసయతి వేసిన. చెల్లుతదా?

నిర్వాహకుడు:

చెల్లదు తమ్ముడూ. ప్రాసయతికి రెండో అక్షరం అచ్చంగా కలవాలి. ఒకచోట డ, ఇంకోచోట డ్డ. ద్విత్వానికి ద్విత్వమే రావాలి. 'తల్లికి నెలత పుట్టె' అంటే నీ, నె మామూలు యతి పడుతుంది, పాదం నిలబడుతుంది.

యతి కుదిరినా ఈ దారి నాకు నచ్చలేదు, దాచకుండా చెప్తున్నాను. తల్లి పేరే నీడ అనేస్తే సమస్యలో విరోధమే మిగలదు. అవధానంలో వేదిక మీద నాలుగు క్షణాల్లో తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు అట్లాంటి చమత్కారం ముద్దొస్తుంది. మనకు వారం టైముంది. ఆ పిల్లకు ఏం జరిగిందో చెప్పు.

దేవరకొండ నుంచి:

మా ఊరి చెరువు కట్ట మీద మైసమ్మ ఉంటుంది. ఆమె కథనే రాశాను.

కట్ట తెగునంచు పెద్దలు కన్నె నడుగ
మన్ను గప్పిరి బతికుండ మడుగులోన
అమ్మ యై లేచె నా పిల్ల యలల నడుమ
నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

నిర్వాహకుడు:

అక్కా, ఛందస్సులో వేలు పెట్టడానికి లేదు. మూడో పాదంలో అకారానికి అకారం యతి చక్కగా పడింది. ధార కూడా ఉంది. నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి.

ఒకటి అన్వయం. మొదటి మూడు పాదాల్లో నీడ ఎక్కడా లేదు. మన్ను ఉంది, మడుగు ఉంది, అలలున్నాయి. ఒక్కసారిగా నాలుగో పాదంలో నీడ అంటే అది ఎవరి నీడ, ఎక్కడి నీడ అని చదివేవాళ్ళు వెతుక్కుంటారు. సమస్యను అతికించినట్టు ఉండకూడదు, పై పాదాల్లోంచే రావాలి.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఈ పద్యంలో ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు. పెద్దలు అడిగారు, పెద్దలు పూడ్చారు, తర్వాత ఆమె అమ్మ అయి లేచింది. చంపినవాళ్ళనే ఆమె కాపాడాలా? కథ చెప్పినవాళ్ళకు అది సుఖంగా ఉంటుంది. ఆ పిల్ల వైపు నుంచి ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. కొత్తగా ఒక కథానాయికను పుట్టిస్తున్నప్పుడు ఆమెకు మహిమ తన పని వల్లే రావాలని నా పట్టుదల.

దేవరకొండ నుంచి:

అన్నా, నీడ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. రెండో మాట మాత్రం అంత సులువుగా మింగలేను. మా అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు ఏ పెద్దలనూ వెనకేసుకు రాలేదు. ఏడుస్తూ చెప్పేది. కట్ట మీద బోనం దించి దండం పెట్టే ఆడవాళ్ళకు అక్కడ ఏం జరిగిందో తెలుసు. మన ఊళ్ళలో అన్యాయానికి గురైన ఆడపిల్లను మరిచిపోకుండా ఉండటానికి మిగిలిన దారి ఆ పూజే. ఆ పిల్ల చేతికి కత్తి ఇచ్చి నేను కథ మార్చేస్తే, జరిగినదాన్ని దాచినట్టు కాదా?

నిర్వాహకుడు:

కాదనలేను అక్కా. పాత కథను పాత కథగా చెప్పుకోవాలి, మార్చకూడదు. అక్కడ మీ మాటే నిజం. నేను అడిగేది వెలుగమ్మ గురించి. ఆమెకు ఇంకా పాత కథ లేదు. మైసమ్మ కథ తెలిసిన పిల్లగా ఆమెను ఊహించండి. అదే కట్ట, అదే వాన, అదే గండి. అప్పుడు ఆమె ఏం చేస్తుంది?

గద్వాల నుంచి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా మనవరాలు ఈ చర్చ చదివి, ఇట్లాంటి కొత్త కథలకు పాత ఛందస్సు ఎందుకు తాతా అని అడిగింది. జంట కవులు తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. అప్పుడు సమస్య ఇచ్చేవాళ్ళూ తమ కాలపు విషయాలే ఇచ్చేవారు. తేటగీతి ఎవరి కథనైనా మోస్తుందని చెప్పాను. ఆమె కూడా రాస్తానంటోంది. ముందు నాది.

అడవి చెంచుల చిన్నది యర్ధరాత్రి
పులికి నుచ్చులు పన్నిన పూట గాంచి
ఉచ్చు కోసిన చేతిలో నుల్క మెరిసె
నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

నిర్వాహకుడు:

పెద్దసారూ, దండాలు. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ఉచ్చు కోసిన చేతిలోనే ఉల్క మెరిసింది. ముందు పని, వెంటనే మహిమ. నేను ఇంతసేపు చెప్పాలని చూస్తున్నది మీరు ఒక పాదంలో చెప్పేశారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూలు, నల్గొండ జిల్లాల్లో ఉంది. అక్కడి చెంచుల పిల్లకు అడవిలో దారి చూపించడానికి ఏ దేవతా దిగిరానక్కర్లేదు. నల్లమల నీడ అని విడిగా చెప్పకపోయినా అడవి, అర్ధరాత్రి కలిసి ఆ నీడను ఇచ్చాయి.

ఒకే ఒక్క సందేహం. 'పన్నిన పూట గాంచి' కొంచెం వదులుగా ఉంది. పూటను చూడటం ఏమిటి? యతికోసం వచ్చిన మాటలా ఉంది. మీ చేతికి ఇంకా మంచి మాట తగులుతుందని నా నమ్మకం.

మునుగోడు నుంచి:

మర్రిగూడలో బావుల మాయ విషము
ఎముక లొంచగ తల్లికి నేడ్చి యేడ్చి
నీటి నాడుల వెదకుచు నేల దూరె
నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

ఫ్లోరైడ్ గురించి రాశాను అన్నా. మా దిక్కు ఇంకే రాక్షసుడూ లేడు.

నిర్వాహకుడు:

చెల్లె, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. రంగుండదు, వాసనుండదు, రుచి తెలియదు. కాచినా పోదు. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు మించి ఉన్న నీళ్ళను కొన్ని తరాలు తాగాయి, నడుములు వంగిపోయాయి. పటికతో, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచంలో నల్గొండ పేరే పెట్టారు. గ్రానైటు రాళ్ళ సందుల్లోంచి నీళ్ళలోకి దిగే శత్రువును ఎదిరించాలంటే కాపలా ఉండేది కూడా భూమి లోపలికి పోవాల్సిందే. 'నేల దూరె' అన్న మాట అందుకే అంత బలంగా ఉంది. భూమి లోపలి చీకటే నీడ. సమస్య తనంతట తాను విడిపోయింది.

లోపం ఒకటే, కర్త కనపడదు. ఏడ్చింది ఎవరు, దూరింది ఎవరు? తల్లే అనుకునే ప్రమాదం ఉంది. మూడో పాదం ఇట్లా అయితే?

కూతు రా నీటి నాడుల గుండె దూరె

కూ, గు యతి సరిపోతుంది. కూతురు వచ్చింది కాబట్టి తల్లి కష్టానికీ ఆమె సాహసానికీ ముడి పడుతుంది.

మునుగోడు నుంచి:

తీసుకుంటా అన్నా. 'వెదకుచు' పోయినందుకు కొంచెం బాధే, కానీ కూతురు ఉండాలె.

నల్గొండ నుంచి:

ఇంటర్ చదువుతున్నాను. మొదటిసారి పద్యం రాస్తున్నా. టెన్షన్‌గా ఉంది.

ఛాయ సోమేశు గుడిలోన సంజ దాక
కదలకుండెడి నీడను కన్య చేరి
ప్రమిద వెలిగించె నూరికై ప్రతిన బూని
నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

నిర్వాహకుడు:

అమ్మా, టెన్షన్ ఏమీ అక్కర్లేదు. గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఛకారానికి సకారం యతి చెల్లుతుంది, ఆ సంగతి తెలిసే వాడావని అర్థమవుతోంది.

పానగల్లులోని ఛాయా సోమేశ్వరుడి గుడి చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. నల్గొండ పక్కనే ఉన్న ఈ గుడి, ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. మూడు గర్భగుళ్ళు ఉంటాయి. వాటిలో ఒకదానిలో లింగం దగ్గర స్తంభం నీడ లాంటిది పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. బయట సూర్యుడు తిరుగుతున్నా అది జరగదు. ఎండ నేరుగా లోపలికి రాదు. అన్ని వైపుల నుంచీ చెదిరిన వెలుతురు స్తంభాల మధ్య నుంచి వస్తుంది. ఏ ఒక్క స్తంభమో వేసిన నీడ కాదు కాబట్టే అది సూర్యుడితో పాటు కదలదు. అంటే వెలుగే ఆ నీడను కడుతోంది!

అందుకే ఈ పూరణను అన్నిటికన్నా పైన పెడుతున్నాను. నీడకూ వెలుగుకూ ఉన్న విరోధాన్ని ఈ పిల్ల మాటలతో విప్పలేదు, చోటుతో విప్పింది. అందులోనూ కథానాయిక ఎవరి వరమూ అడగలేదు. ప్రతిన ముందు పూనింది, ప్రమిద తనే వెలిగించింది. ఊరు కోసం అన్న మాట కూడా ఉంది. గుడి పక్కనే ఉదయసముద్రం చెరువు ఉంది, కందూరు చోడులు తవ్వించిందే. ఆ నీళ్ళకు కాపలా ఉండటానికి ఈమెకన్నా తగినవాళ్ళు ఎవరు?

దేవరకొండ నుంచి:

చెల్లె పద్యం చూశాక నాది మళ్ళీ రాశాను. మైసమ్మ కథ పక్కన పెట్టలేదు, ఆ కథ విన్న పిల్ల కథ ఇది.

కట్ట తెగునంచు పెద్దలు కలత పడగ
గండి మూయగ దూకెను కన్నె తానె
మునిగె నా కట్ట నీడలో ముసురు రేయి
నీడ కడుపున వెలుగమ్మ నిదుర లేచె

నిర్వాహకుడు:

'కన్నె తానె'. ఆ రెండు మాటలతో పద్యం మొత్తం మారిపోయింది అక్కా. నీడ కూడా కట్టదే అయి కూర్చుంది. మొదటి పద్యాన్ని చెరిపేయకండి, రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి. మీ అమ్మమ్మ ఏడుస్తూ చెప్పిన కథ ఒకటి, మీరు రాసిన కథ ఒకటి. పిల్లలు రెండూ చదవాలి.

గద్వాల నుంచి:

'పన్నిన పూట గాంచి' గురించి మీరన్నది సబబే. 'పులికి నుచ్చులు పన్నిన పొదను జేరి' అని మార్చాను. ఉకారానికి ఒకారం యతి సరిపోతుంది. పొద అంటే చోటు కూడా తెలుస్తుంది.

నిర్వాహకుడు:

అద్భుతం పెద్దసారూ. మనవరాలి పద్యం కోసం ఎదురుచూస్తుంటాం.

వచ్చే వారం కూడా వెలుగమ్మ కథే. ఈసారి ఆటవెలది, నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే.

కాపు కాయు చేయి కాటు వేసె

ఆ చేయి ఎవరిది, ఎవరిని కాటు వేసింది, ఎందుకు వేసింది, మీరే చెప్పండి. ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపవచ్చు.