ఉబ్బసం ఉన్న పిల్లాడిని చలికాలం తెల్లవారుజామున ఆటకి పంపాలా, వద్దా?

జ్ఞానాపురం అమ్మ:
మా బాబుకి పదేళ్లు. నాలుగో ఏట నుంచి ఉబ్బసం. విశాఖలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డుకి దగ్గర్లో ఉంటాం. రాత్రి తుడిచిన గచ్చు మీద పొద్దున్నే వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. క్రికెట్ కోచింగ్ ఐదున్నరకి. డిసెంబర్ వచ్చిందంటే గ్రౌండ్‌కి వెళ్లిన రోజు రాత్రి పిల్లికూతలు మొదలవుతాయి. ఈ మూడు నెలలు మాన్పిద్దామని నేను, మాన్పిస్తే పిరికివాడైపోతాడని మా ఆయన. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మీరేమంటారు?

సీతమ్మధార వాణి:
మాన్పించకండి. మా అమ్మాయికీ ఉబ్బసమే, ఇప్పుడు స్కూల్ ఖోఖో జట్టులో ఉంది. మా డాక్టరుగారు చెప్పింది రెండే మాటలు: ఆట ఆపొద్దు, రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపొద్దు. ముందు ఇంట్లో దోమల చుట్టలు, అగరుబత్తులు మానండి. గాలి నాణ్యత చూపే యాప్‌లో ఆకుపచ్చ రంగు ఉంటే ధైర్యంగా పంపండి.

గాజువాక నాన్న:
అక్కా, దోమల చుట్ట సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఆ రంగు దగ్గరే నాకు అభ్యంతరం. మన దేశపు గాలి నాణ్యత సూచీలో పీఎం 2.5, అంటే గాలిలో తేలే అతి సన్న దుమ్ము, ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాముల దాకా ‘సంతృప్తికరం’ కిందే, అంటే ఆకుపచ్చలోనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక రోజుకి పెట్టిన హద్దు 15. పైగా మన లెక్క 24 గంటల సగటు. తెల్లవారుజామున ఎంతుందో అందులో కనపడదు.

చలికాలం రాత్రి నేల చల్లబడితే దాని మీది గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, దుమ్ము పైకి పోలేవు. మన ఊరికి కొండలు కూడానూ. ఎండెక్కితే గానీ ఆ మూత తొలగదు. సరిగ్గా ఆ వేళకే మనం పిల్లల్ని పరిగెత్తిస్తున్నాం. పరిగెత్తే పిల్లాడు నోటితో పీలుస్తాడు, ముక్కు వడకట్టేది ఏమీ ఉండదు. ఉబ్బసం పిల్లల శ్వాసగొట్టాల్లో దగ్గు లేని రోజుల్లోనూ ఎంతో కొంత వాపు ఉంటుంది. అక్కడికి ఆ సన్న దుమ్ము చేరితే లోపలి పొర ఇంకా ఉబ్బుతుంది, కఫం ఊరుతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అసలే సన్నటి గొట్టం. రాత్రికి పిల్లికూతలు రాక ఏమవుతుంది?

లండన్ పద్మ:
చెల్లీ, ఇక్కడ ఎల్లా కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప 2013 ఫిబ్రవరిలో ఉబ్బసంతో చనిపోయింది. వాళ్ల ఇల్లు లూయిషమ్‌లో, విపరీతమైన ట్రాఫిక్ ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డుకి 30 మీటర్ల లోపే. ఆ చావుకి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని 2020 డిసెంబర్‌లో విచారణాధికారి తేల్చారు. గాలి సంగతి ఆ తల్లికి డాక్టర్లెవరూ చెప్పలేదని, చెప్పి ఉంటే ఆమె జాగ్రత్త పడేదని కూడా అందులో ఉంది. ఆ మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. పిల్లికూతలు వచ్చిన తేదీలు, ఆ పూట గ్రౌండ్‌కి వెళ్లాడా లేదా రాసిపెట్టి డాక్టరుకి చూపించు.

సీతమ్మధార వాణి:
ఆ పాప సంగతి చదివి గుండె బరువెక్కింది. అయినా ఆట ఆపమంటే ఒప్పుకోను. దక్షిణ కాలిఫోర్నియా పిల్లల మీద 2002లో ఒక అధ్యయనం వచ్చింది. ఓజోన్ అనే కాలుష్య వాయువు ఎక్కువున్న ఊళ్లలో మూడు, అంతకు మించి ఆటలాడే పిల్లలకి కొత్తగా ఉబ్బసం వచ్చే ముప్పు, ఆడని పిల్లల కంటే మూడు రెట్లకు పైగా కనపడింది. ఓజోన్ తక్కువున్న ఊళ్లలో ఆ తేడా లేదు. అంటే తప్పు ఆటది కాదు, గాలిది. వేళ మార్చండి, చాలు.

గాజువాక నాన్న:
అక్కా, ఓజోన్ ఎండలో పుట్టేది, పొద్దుటి దుమ్ము లెక్క వేరు. వేళ మార్చాలన్న మాటకి మాత్రం నాదీ ఓటు.

జ్ఞానాపురం అమ్మ:
అందరికీ దండాలు. కోచ్‌గారిని అడిగాను. సాయంత్రం నాలుగింటి బ్యాచ్‌లో అంతా చిన్నపిల్లలేనట, మావాడు మొహం ముడుచుకున్నాడు. ఫిబ్రవరి దాకా అందులోనే అని ఒప్పించాను. మా ఆయన ఇంకా ఔననలేదు, కాదనీ అనలేదు. పద్మక్క రాసింది మాత్రం రెండుసార్లు చదివారు. లారీల మీద టార్పాలిన్ కప్పించమని మా వీధి వాళ్లం అర్జీ పెట్టాలనుకుంటున్నాం. మీలో ఎవరైనా ఇలాంటి అర్జీ పెట్టి ఉంటే ఎవరికి ఇవ్వాలో, ఏం రాయాలో చెప్పండి.