వదిలినా వెనక్కి రాని రేస్: కేబుల్‌కు నూనె వేస్తే సరిపోతుందా?

ప్రశ్న (హనుమకొండ):
నమస్కారం. నేను రోజూ కార్బొరేటర్ ఉన్న పాత బైకు మీద నర్సంపేటకు వెళ్లివస్తాను. వానలు మొదలైనప్పటి నుంచి రేస్ వదిలినా గ్రిప్ కాసేపు అక్కడే ఆగి మెల్లగా వెనక్కి వస్తోంది. పైగా హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పితే ఇంజిన్ వేగం దానంతటదే పెరుగుతోంది. మెకానిక్ కేబుల్‌కు గ్రీజు పట్టించినా వారానికే మళ్లీ మొదటికొచ్చింది. కేబుల్ మార్చక తప్పదా?

సమాధానం (కాజీపేట):
ఇవి రెండు వేర్వేరు లోపాలు కావచ్చు. గ్రిప్ నిదానించడానికి మురికో తుప్పో కారణం కావచ్చు గానీ, హ్యాండిల్ తిప్పగానే రేస్ పెరుగుతోందంటే కేబుల్ మరీ బిగుతుగా ఉండాలి, లేదా తన దారి తప్పి ఎక్కడో పట్టుకొని ఉండాలి. దానికి ఎంత నూనె పోసినా ఫలితం ఉండదు. చాలా బైకులకు గ్రిప్ అంచు దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఆట (రేస్ అందుకునే ముందు గ్రిప్ ఖాళీగా తిరిగే దూరం) ఉండాలి. మీ బండి పుస్తకంలోని కొలత చూసి, లాక్ నట్ వదులు చేసి, కేబుల్ బిగువును మార్చే అడ్జస్టర్‌తో సరిచేయండి. తరువాత ఆరుబయట, బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి, ఇంజిన్ శబ్దం మారుతోందేమో వినండి.

సమాధానం (జనగామ):
గ్రీజు విషయంలో మీ మెకానిక్‌తో నేను ఏకీభవించను. అది దుమ్మును పట్టి ఉంచుతుంది. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న కేబుళ్లలో తీగ కదలికను ఇంకా బరువెక్కిస్తుంది. కేబుల్ పై చివర విప్పి, పాలిథిన్ కవరు ముక్కను గరాటులా కట్టి, పలుచని నూనె పోసి రాత్రంతా వేలాడదీస్తే, కింది నుంచి మురికి నల్లగా కారుతుంది. అయితే నిపుల్ (తీగ చివర ఉండే లోహపు గుబ్బ) దగ్గర ఒక్క పోగు తెగి కనిపించినా ఈ శ్రమ పడకుండా కేబుల్ మార్చేయండి. పెంబర్తి దాటాక ఒకసారి నా బండికి తెగిన పోగు తొడుగులో ఇరుక్కొని రేస్ తెరుచుకునే ఉండిపోతే, క్లచ్ పట్టి ఇంజిన్ స్విచ్ ఆపి బయటపడ్డాను. పాతది లాగే ముందు దాని కొసకు పురికొస కట్టుకుంటే కొత్తది అదే దారిన వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ట్యాంకు ఎత్తి చూస్తే కేబుల్ ఫ్రేముకూ ట్యాంకుకూ మధ్య నలిగి ఉంది; ఇంతకుముందు ట్యాంకు విప్పి బిగించినప్పుడే అలా పడి ఉంటుంది. దాన్ని పక్కకు తప్పించగానే హ్యాండిల్ తిప్పినప్పుడు రేస్ పెరగడం ఆగిపోయింది. గ్రిప్ మాత్రం ఇంకా నిదానంగానే వస్తోంది. నిపుల్ దగ్గర రెండు పోగులు తెగి ఉన్నాయి కాబట్టి నూనె ఆలోచన మానుకొని, రేపు కొత్త కేబుల్ తెస్తున్నాను.