పెళ్లి కాగితం లేకుండా పదేళ్లుగా కలిసి ఉంటున్నారు, అక్కకీ పాపకీ ఏ హక్కులుంటాయి?

చీమకుర్తి చెల్లి

అందరికీ నమస్కారం. మా అక్క విషయం అడుగుతున్నా, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. అక్కకి మొదట చేసిన పెళ్లి కుదరలేదు. పెద్దమనుషుల్లో కూర్చుని వంద రూపాయల బాండు పేపరు మీద ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేదని రాసుకుని విడిపోయారు, కోర్టుకి ఎవరూ పోలేదు. ఇద్దరి సంతకాలు, నలుగురు పెద్దల సంతకాలు ఉన్నాయి. ఆ పేపరు మడతల దగ్గర చిరిగిపోతుంటే వెనక సెల్లోటేపు అంటించి ఆధార్‌తో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎక్కడికి పోయినా తీసుకుపోతుంది.

తర్వాత ఇక్కడ గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసే అతనితో కలిసి ఉంటోంది, మేమంతా బావ అనే పిలుస్తాం. ఆయనకి ఇంతకుముందు పెళ్లి కాలేదు. పాప నాలుగో తరగతి, బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రిగా బావ పేరే ఉంది. ఈమధ్య బావకి గుండెకి స్టెంట్ వేశారు. ఆసుపత్రిలో సంతకం పెట్టబోతే "మీరు ఏమవుతారు" అని అడిగి, చివరికి ఆయన తమ్ముణ్ణి పిలిపించి పెట్టించుకున్నారు. ఆ తమ్ముడే ఇప్పుడు ఇల్లు తమదంటున్నాడు, అది బావ సొంత డబ్బుతో కొన్నది. అక్క పేరు ఇంకా మా అమ్మ రైస్ కార్డులోనే ఉంది, మార్చమంటే మ్యారేజ్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. బావకి ఏమన్నా అయితే వీళ్లిద్దరి గతేంటని టెన్షన్‌గా ఉంది.

సింగరాయకొండ శీను

ఇంతదానికి అంత ఆలోచన ఎందుకమ్మా, వచ్చే శనివారం మాలకొండ పోయి స్వామి సన్నిధిలో తాళి కట్టించండి. ఆ రశీదు, ఫొటోలు పెట్టి రిజిస్టర్ చేయించుకుంటే అన్నిటికీ అదే సాక్ష్యం.

ఒంగోలు కోర్టు జూనియర్

శీను గారూ, మంచి మనసుతోనే చెప్పారు గానీ దయచేసి ఆ పని మాత్రం చేయనివ్వకండి. బాండు పేపరు విడాకులు కాదు. తమ కులంలో అలా విడిపోయే ఆచారం ఉందని కోర్టులో రుజువు చేస్తేనే హిందూ వివాహ చట్టం దాన్ని ఒప్పుకుంటుంది, అది చాలా కష్టం. మొదటి పెళ్లి ఉండగా రెండో తాళి కడితే ఆ పెళ్లి చెల్లదు, పైగా ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. తమ్ముడు ఇప్పటికే గొడవకి దిగాడు కాబట్టి చేజేతులా అతనికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

కలిసి ఉండటం మాత్రం నేరం కాదు, ఆ భయం పెట్టుకోకండి. పెళ్లి లేకుండా కలిసి ఉండటం నేరం కాదని నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497 సెక్షన్‌ని 2018లో కొట్టేశారు.

గృహహింస చట్టం 2005లోనే పెళ్లి లాంటి సంబంధాన్ని గుర్తించింది. అయితే 2010లో వేలుసామి కేసులో పెట్టిన షరతులున్నాయి: లోకం ముందు భార్యాభర్తల్లా ఉండాలి, ఇష్టపడి చాలాకాలం కలిసి బతకాలి, ఇద్దరికీ పెళ్లి చేసుకునే అర్హత ఉండాలి. అక్కకి ఇబ్బంది ఈ చివరి దాంట్లోనే. చాలాకాలం కలిసి ఉంటే పెళ్లయినట్టే భావించాలని సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా ఇలాంటి అడ్డం లేనివాళ్లకే పనికొస్తుంది. కాస్త ధైర్యమిచ్చేది 2025 జనవరిలో ఉషారాణి కేసు. మొదటి భర్తతో ఒప్పంద పత్రం రాసుకుని, కోర్టు విడాకులు లేకుండానే రెండో పెళ్లి చేసుకున్న తెలంగాణ మహిళ ఆమె. సంగతి తెలిసే చేసుకున్నావు, భరణం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు రెండో భర్తకి చెప్పింది. కానీ అక్కడ పెళ్లి జరిగి రిజిస్టర్ కూడా అయింది, పైగా అది భరణం వరకే, ఆస్తికి కాదు.

పాప సంగతి నయం. అమ్మానాన్నలకి పెళ్లయినా కాకపోయినా పిల్లలకి భరణం హక్కు ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. ఆస్తి దగ్గరికొస్తే మాత్రం పెళ్లి కాని జంట బిడ్డకి తండ్రి ఆస్తిలో దానంతటదే వాటా వస్తుందని నమ్మి కూర్చోకూడదు. అందుకే బావగారితో వెంటనే వీలునామా రాయించండి. సొంత సంపాదన ఎవరికైనా రాయొచ్చు. తెల్ల కాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు ఆయన ఎదుట సంతకం పెట్టాలి. చట్టప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మీ ఇంట్లో ఇప్పటికే మాటలు నడుస్తున్నాయి, పైగా ఆయనకి ఆపరేషన్ అయింది, కాబట్టి సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించండి. రేపు "ఒంట్లో బాగాలేనప్పుడు రాయించుకున్నారు" అనే మాట నిలబడదు.

కావలి సుజాత

లాయరమ్మ చెప్పిన వీలునామాతో పాటు పీఎఫ్ కూడా చూసుకోండి. ఫ్యాక్టరీలో పీఎఫ్ కోస్తుంటే నామినీగా పాప పేరు పెట్టించి, గార్డియన్‌గా అక్క పేరు రాయించండి. కుటుంబం ఉన్నవాళ్లు బయటివాళ్లని నామినీగా పెడితే పీఎఫ్ రూల్లో చెల్లదు. పిల్లలు కుటుంబం కిందికే వస్తారు, అక్క మాత్రం ఇప్పటికి చట్టం లెక్కలో బయటి మనిషే. రాయడానికే మనసొప్పడం లేదు గానీ అదీ పరిస్థితి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో పాటు వచ్చే ఇన్సూరెన్స్ ఏడు లక్షల వరకు ఉంటుంది, అదీ ఆ నామినేషన్ని బట్టే.

బడికి పోయే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది, 13,000. దానికి అక్క ఆధార్, బ్యాంకు ఖాతా లింకు అయి ఉండాలి, మొగుడెవరని అడిగే పని లేదు. అక్కా పాపా ఇప్పుడు ఒకే రైస్ కార్డులో ఉంటే కంగారుపడి పాప ఒక్కదాన్నే బావ కార్డులోకి మార్చకండి. స్వలింగ జంటల్ని కూడా రేషన్ కార్డుకి ఒకే ఇంటి కింద చూడమని కేంద్రం 2024లో రాష్ట్రాలకి రాసింది కదా, పదేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకు తినే ఆడామగా దగ్గర పెళ్లి సర్టిఫికెట్ అడగడం నాకైతే చాలా అన్యాయంగా ఉంది. అక్కడ నోటిమాటతో వదలకండి, అర్జీ రాసిచ్చి రశీదు తీసుకోండి. కుదరదంటే ఆ మాటే రాసివ్వమనండి.

వితంతు పెన్షన్ నాలుగు వేలు కూడా భర్త డెత్ సర్టిఫికెట్ చూసే ఇస్తారు, పెళ్లి కాగితం లేకపోతే అక్కడా ఇదే చిక్కు.

చీమకుర్తి చెల్లి

లాయర్ అక్కా, సుజాతక్కా, చాలా చాలా థాంక్స్. అక్క మొదటి భర్త కోవూరు దగ్గర వేరే కుటుంబంతో ఉన్నాడు, గొడవేమీ లేదు, సంతకం కావాలంటే పెడతానని ఆయన చెల్లెలు కబురు చేసింది. అలాంటప్పుడు కోర్టులో ఎన్నాళ్లు పడుతుంది? లాయర్ ఫీజుకి అక్క దగ్గర డబ్బుల్లేవు.

ఒంగోలు కోర్టు జూనియర్

ఆయన ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టే. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పరస్పర అంగీకార పిటిషన్ వేస్తారు. చట్టంలో ఆరు నెలల గడువుంది, ఇన్నేళ్లుగా విడిగా ఉన్నారు కాబట్టి దాన్ని మాఫీ చేయమని అడగొచ్చు, 2017లో సుప్రీంకోర్టు ఆ వీలు ఇచ్చింది. విడాకుల డిక్రీ చేతికొచ్చాక మాలకొండ వెళ్లి తాళి కట్టించండి, పెళ్లి రిజిస్టర్ చేయించండి. అప్పుడు రైస్ కార్డు, పెన్షన్ అన్నీ దారికొస్తాయి. వీలునామా మాత్రం అప్పటిదాకా ఆపొద్దు, ఈ వారమే రాయించండి.

ఫీజు గురించి దిగులు పడొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఒంగోలు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి రండి, ముందు 15100కి ఫోన్ చేసినా సరే. వచ్చేటప్పుడు ఆ బాండు పేపరు జిరాక్స్, మొదటి పెళ్లి ఫొటో గానీ శుభలేఖ గానీ, ఇద్దరి ఆధార్‌లు, పాప బర్త్ సర్టిఫికెట్ తీసుకురండి. బాండు పేపరుని ముందే జిరాక్స్ తీయించి ఒరిజినల్ ఇంట్లో దాచండి. విడాకులకి పనికిరాకపోయినా వాళ్లు ఎప్పట్నుంచి విడిగా ఉంటున్నారో చెప్పడానికి అదే కావాలి.