రంపం మిషన్ పది నిమిషాలకే ఆగిపోతోంది, పిచ్చెక్కిపోతోంది

రావులపాలెం షెడ్డు · ఆదివారం రాత్రి 10:47

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నవాణ్ణి ఇంకా దీనితోనే ఉన్నాను. స్నానం కూడా లేదు. చెట్లు కోసే మిషన్ ఒకటి రిపేరుకి వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు రెండో లాగుకే స్టార్ట్ అవుతుంది, ఖాళీగా బాగానే తిరుగుతుంది. దుంగ మీద పెట్టి కోస్తుంటే ఎనిమిది పది నిమిషాలకి ఉన్నట్టుండి రేజ్ పెరిగి కీచుమంటుంది, వెంటనే చచ్చిపోతుంది. ఆ తర్వాత తాడు ఎంత లాగినా పలకదు. అరగంట పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్! ప్లగ్ కొత్తది వేశాను. కార్బొరేటర్ విప్పి కిట్ మార్చాను. ఎయిర్ ఫిల్టర్ కడిగాను. కాయిల్ వేరే మిషన్‌ది తెచ్చి పెట్టి కూడా చూశాను. ఇంక చూడ్డానికి ఏమీ మిగల్లేదు. రేపు పొద్దున్నే ఓనరు వస్తానన్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

తాటిపాక సెంటర్ · 10:52

ట్యాంకు మూత వదులు చేసి కోసి చూడు.

పెట్రోల్ బాబాయ్ · 11:09

ముందు ఆ పెట్రోలు ఏ రోజుదో చెప్పు. ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరికీ పట్టదు. ఇప్పుడు బంకులో పోసేది మన చిన్నప్పటి పెట్రోలు కాదు, అందులో ఇరవై శాతం దాకా ఇథనాల్. దానికి నీళ్ళంటే మహా ప్రేమ, గాలిలో తడి ఉన్నా లాక్కుంటుంది. మన దగ్గర గాలి సంగతి చెప్పాలా? చుట్టూ కాలవలు, చెరువులు, ఇవతల గోదావరి, అవతల సముద్రం. వానాకాలంలో అప్పడం డబ్బాలోంచి తీసి కంచంలో వేసుకునేలోపు మెత్తబడిపోతుంది. అలాంటి చోట సగం ఖాళీ డబ్బాలో నెల రోజులు పెట్రోలు ఉంచితే, తడి ఎక్కువైపోయి నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఇంజను అరక్కుండా మనం పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఎక్కడ పడి ఉంటుంది? అడుగునే. అంటే ఇంజను తాగేది ఆయిల్ లేని నీళ్ళు!

నమ్మకం లేకపోతే సన్నటి కొలగ్లాసులో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, పైన 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి బాగా కుదిపి పది నిమిషాలు వదిలెయ్యి. అడుగున నీళ్ళు 10 దగ్గరే ఉండవు, 30 దగ్గరికి వస్తాయి. ఆ పెరిగిందంతా ఇథనాలే. పాత మిషన్లలో రబ్బరు పైపులు దీనికే ఉబ్బిపోతాయి, కార్బొరేటర్‌లో డయాఫ్రం, అదే ఆ పల్చటి పొర, బిరుసెక్కిపోతుంది. పని అవ్వగానే ట్యాంకు ఒంపేసి, ఉన్నది అయిపోయేదాకా మిషన్ తిప్పి ఆపాలి. ఎవరు చేస్తున్నారయ్యా ఈ పని?

రావులపాలెం షెడ్డు · 11:14

బాబాయ్, పెట్రోలు నిన్న సాయంత్రం కొట్టించిందే. డయాఫ్రం కూడా కొత్తదే.

భీమవరం ఐటీఐ · 11:20

ఏ మిషన్? ఎన్ని సీసీ? ఆయిల్ ఎంత కలిపారు? మీ పోస్టులో ఇవేవీ లేవు. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగోలేదు" అని కూర్చుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

రావులపాలెం షెడ్డు · 11:24

58 సీసీ అండి, చైనాది. స్టిక్కర్ ఊడిపోయింది, పేరు తెలీదు. ఆయిల్ మామూలే.

భీమవరం ఐటీఐ · 11:25

మామూలే అంటే?

రావులపాలెం షెడ్డు · 11:27

లీటరుకి రెండు మూతలు.

భీమవరం ఐటీఐ · 11:28

ఏ మూత సార్? ఆయిల్ డబ్బా మూతా, మంచినీళ్ళ సీసా మూతా? మిషన్‌తో వచ్చిన కాగితంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. 50:1 అంటే 20. మందుల షాపులో సిరంజి దొరుకుతుంది, దాంతో కొలవండి. అది సరే, కిట్ మార్చాక కార్బొరేటర్ స్క్రూలు ఎక్కడ పెట్టారు?

రావులపాలెం షెడ్డు · 11:36

మొదట తక్కువ రేజ్‌కి ఉండే ఎల్, ఫుల్ రేజ్‌కి ఉండే హెచ్ రెండూ పూర్తిగా బిగించి ఒక్కో తిప్పు వెనక్కి పెట్టానండి. ఆగేముందు రేజ్ పెరుగుతోందంటే పెట్రోలు చాలట్లేదనే కదా. అందుకని హెచ్ స్క్రూని అర తిప్పు లోపలికి బిగించి రిచ్ చేశాను, అంటే పెట్రోలు ఎక్కువ అందేలా. అయినా తగ్గలేదు, పైగా ఇప్పుడు ఇంకా తొందరగా ఆగుతోంది. పద్నాలుగేళ్ళ నుంచి బళ్ళు చేస్తున్నానండి, కార్బొరేటర్ సెట్టింగ్ నాకు కొత్త కాదు.

భీమవరం ఐటీఐ · 11:41

ఆపండి. ఆ మిషన్‌ని ఇంక స్టార్ట్ చెయ్యొద్దు.

మీరు చేసే స్కూటర్లలో, పాత బళ్ళలో చాలావాటికి ఉండేది గాలి స్క్రూ. బిగిస్తే గాలి తగ్గుతుంది కాబట్టి రిచ్ అవుతుంది. రంపం మిషన్ కార్బొరేటర్లో ఎల్, హెచ్ రెండూ పెట్రోలు స్క్రూలు. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, అంటే లీన్. మీరు రిచ్ చేస్తున్నాననుకుని సరిగ్గా తిరగేసి చేశారు. టూ స్ట్రోక్‌లో బేరింగులకీ పిస్టన్‌కీ అందే ఆయిల్ ఆ పెట్రోలుతోనే రావాలి. పెట్రోలు తగ్గితే చల్లదనమూ పోతుంది, ఆయిలూ పోతుంది. ఫుల్ రేజ్‌లో అర నిమిషం చాలు పిస్టన్ సిలిండర్లో బిగుసుకుని పట్టెయ్యడానికి.

పాత రంపం · సోమవారం ఉదయం 5:50

లీన్, రిచ్ అని ఇంగ్లీషు దేనికి? చిక్కన, పలచన అంటే పోలా! ఆయిల్ ఎక్కువ పోస్తే చిక్కన, తక్కువ పోస్తే పలచన. మేం ఎప్పుడూ ఒక గరిటె ఎక్కువే పోసుకుంటాం, అసలు పట్టెయ్యడమనేదే ఉండదు.

భీమవరం ఐటీఐ · 6:32

కాదండీ, ఇక్కడే అందరూ పొరబడేది. లీన్, రిచ్ అనేవి గాలిలో పెట్రోలు ఎంత ఉందన్న దాని గురించి, పెట్రోల్లో ఆయిల్ ఎంత ఉందన్న దాని గురించి కాదు. ఇంకో మాట, ఆయిల్ ఎక్కువ పోస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది. జెట్ గుండా వెళ్ళేది అంతే కాబట్టి మీ లెక్కలో "చిక్కన" చేసినప్పుడు నిజానికి కాస్త లీన్ అవుతుంది.

పాత రంపం · 6:40

నేను మిషన్ పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది బాబూ. ఒక్క పిస్టన్ కూడా పోలేదు. పుస్తకంలో లెక్కలు నాకు చెప్పకు.

భీమవరం ఐటీఐ · 6:43

మీకు పోలేదంటే మీ స్క్రూలు సరిగ్గా ఉన్నాయని అర్థం. గరిటె వల్ల కాదు.

పెట్రోల్ బాబాయ్ · 7:15

ఇద్దరూ ఇథనాల్ సంగతి వదిలేశారు. దాని బరువులో మూడో వంతుకి పైగా ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద ఇంకా లీన్ అవుతుంది. నేను రాత్రి చెప్పింది ఒక్కరైనా పూర్తిగా చదివారా?

తాటిపాక సెంటర్ · 7:18

మూత వదులు చేశాడా?

భీమవరం ఐటీఐ · 7:30

షెడ్డు గారూ, ముందు సైలెన్సర్ విప్పండి, రెండే బోల్టులు. తాడు మెల్లగా లాగుతూ ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలు పడి, గోరు పెడితే తగిలేలా ఉంటే పిస్టన్ సెట్ ఖర్చు ఓనరుకి ముందే చెప్పెయ్యండి. నున్నగా ఉంటే బతికిపోయారు.

తర్వాత ట్యూనింగ్. రెండు స్క్రూలూ ఒక్కో తిప్పు వెనక్కి. బిగించేటప్పుడు బలం పెట్టొద్దు, సూది మొన పాడవుతుంది. మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి ముందు ఎల్ సరిచెయ్యండి. రేజ్ ఇవ్వగానే తడబడకుండా అందుకోవాలి. తర్వాత స్లో స్క్రూ. స్లోలో చెయిన్ కదలకూడదు. చివర్లో హెచ్. దుంగ తగలకుండా ఫుల్ రేజ్ ఇస్తే శబ్దం నున్నగా కీచుమనకూడదు, బరబరమంటూ కాస్త తడబడాలి. చెక్కలోకి దిగగానే ఆ బరబర పోయి శుభ్రంగా పాడాలి. ఖాళీలోనే శుభ్రంగా పాడుతోందంటే అది లీన్, వెంటనే స్క్రూ బయటికి తియ్యండి. రేజ్ కొలిచే మీటరు ఉంటే ఇంకా మంచిది. లేకపోతే చెవులే మీటరు.

కడియం నర్సరీ · 8:02

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఫుల్ రేజ్ పెట్టి ట్యూనింగ్ చేసేటప్పుడు దగ్గర్లో పిల్లలు లేకుండా చూసుకోండి. చెయిన్ బ్రేక్ పని చేస్తోందా లేదా అన్నది కూడా. పోయిన ఏడు మా దగ్గర పనిచేసే కుర్రాడు మిషన్ స్లోలో ఉందనుకుని పక్కకి తిప్పాడు. క్లచ్ స్ప్రింగు సాగిపోయి చెయిన్ తిరుగుతూనే ఉంది. లుంగీ చుట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే కాలే. లుంగీతో మిషన్ పట్టుకోకండయ్యా.

పాత రంపం · 8:20

లుంగీ మాట నిజం.

ఇంకోటి కూడా చూడాలి. మిషన్ వేడెక్కి ఆగిపోవడానికి సగం కారణం చెయిన్ మొద్దుబారడమే. ఎవరూ దాని మొహం చూడరు. కొబ్బరి మాను సంగతి తెలిసిందే, బయట ఇనుము, లోపల దూది. మొదలు దగ్గర మరీ గట్టి. పైగా పడిపోయిన చెట్టుకి ఒండ్రు మట్టి పట్టి ఎండి ఉంటుంది, నాలుగు కోతలకే పళ్ళు పోతాయి. అప్పుడు మనం బలం పెట్టి నొక్కుతాం, ఇంజను మూలుగుతుంది. కింద పడే పొట్టు చూడండి. రేకులు రేకులుగా రాలితే పదునున్నట్టు, కాఫీపొడిలా రాలితే లేనట్టు. ఈ చైనా మిషన్లకి ఎక్కువగా పాయింట్ మూడొందల పాతిక (.325 అంగుళం) చెయినే వస్తుంది, దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రం ఆకురాయి, 30 డిగ్రీల వాలు. ప్రతి పన్నుకీ అన్నే తోపులు, ఒక వైపు ఎక్కువైతే కోత వంకర పోతుంది. పన్ను ముందుండే బొడిపె పన్ను కంటే 0.65 మిల్లీమీటరు కిందుండాలి. అది మరిచిపోయి పళ్ళే రాస్తుంటారు, ఎంత పదునున్నా చెక్కని తినదు.

96 నవంబరు తుఫాను రాత్రి మా తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. తెల్లారి చూస్తే ఇంటికీ రోడ్డుకీ మధ్య అడ్డదిడ్డంగా మాన్లు. ఊళ్ళో అప్పుడు ఒక్క మిషన్ లేదు. గొడ్డళ్ళూ ఇద్దరు లాగే రంపాలే. ఇంటి ముందు దారి తెరవడానికే మూడు రోజులు పట్టింది. నేను మిషన్ కొన్నది ఆ మూడు రోజులు గుర్తుండే.

భీమవరం ఐటీఐ · 8:31

చెయిన్ మొద్దుబారితే వేడెక్కుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆగేముందు రేజ్ పెరగదండీ, తగ్గుతుంది. ఇక్కడ పెరుగుతోందంటే పెట్రోలు అందట్లేదు, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. ఇన్‌లెట్ రబ్బరు చీలిందేమో, క్రాంక్ సీళ్ళు పోయాయేమో చూడాలి. కానీ గాలి లీకైతే స్లో స్పీడు కూడా నిలకడగా ఉండదు. ఈయన ఖాళీగా బాగానే తిరుగుతుందంటున్నారు.

తాటిపాక సెంటర్ · 8:33

అందుకే మూత అన్నా.

పెట్రోల్ బాబాయ్ · 8:50

లేదా ఇథనాల్‌కి ట్యాంకులో పైపు మెత్తబడి, పీలుస్తుంటే అతుక్కుపోతూ ఉండొచ్చు.

కడియం నర్సరీ · మధ్యాహ్నం 1:15

ఏమైందండీ? ఓనరు వచ్చాడా?

పాత రంపం · మంగళవారం ఉదయం 6:05

కుర్రాడు మిషన్ పట్టేయించేసి సిగ్గుపడి దాక్కున్నట్టున్నాడు.

రావులపాలెం షెడ్డు · మంగళవారం రాత్రి 9:20

లేదండీ, పని ఒత్తిడి. సైలెన్సర్ విప్పి చూశాను. పిస్టన్ మీద సన్నగా రెండు గీతలున్నాయి, గోరుకి తగలట్లేదు. హెచ్ మళ్ళీ ఒక తిప్పు దగ్గరికి తెచ్చాను. అయినా పది నిమిషాలకి మళ్ళీ అదే కీచు, అదే చావు. కోపమొచ్చి పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే "స్‌స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకుంది. తాడు రెండు లాగులు లాగాను, స్టార్ట్.

తాటిపాక సెంటర్ · 9:21

👍

భీమవరం ఐటీఐ · 9:26

అంటే ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ ఏర్పడి కార్బొరేటర్ పంపు పెట్రోలు లాగలేకపోతోంది. అరగంట వదిలేస్తే సందుల్లోంచి మెల్లగా గాలి చేరుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఈ మోడల్లో గాలి దారి మూతలోనే ఉందా? దేనితో మూసుకుంది? పొట్టూ ఆయిలూ కలిసి గడ్డకట్టిందా?

రావులపాలెం షెడ్డు · 9:34

మూతలోనే ఉందండి, గుండుసూది మొనంత రంధ్రం. పొట్టు కాదు. మిషన్ వచ్చినప్పుడు మూత దగ్గర పెట్రోలు కారుతోంది, లోపలి వాషరు ముక్కలైపోయింది. సైకిల్ ట్యూబు గుండ్రంగా కోసి అడుగున వేశాను. ఇప్పుడు తీసి చూస్తే పెట్రోలుకి ఉబ్బి బూరెలా అయ్యింది, రంధ్రం మీదికి వచ్చి కూర్చుంది.

భీమవరం ఐటీఐ · 9:36

ఈ ముక్క ఆదివారం రాత్రి ఎందుకు చెప్పలేదు సార్?

రావులపాలెం షెడ్డు · 9:38

వాషరే కదండీ, అదేం రిపేరు అనుకున్నాను.

పెట్రోల్ బాబాయ్ · 9:45

రబ్బరు ఉబ్బుతుందని మొదటి రోజే చెప్పాను నేను.

భీమవరం ఐటీఐ · 9:47

మామూలు పెట్రోలుకైనా సైకిల్ ట్యూబు ఉబ్బుతుంది బాబాయ్. దానికి ఇథనాలే అక్కర్లేదు.

పెట్రోల్ బాబాయ్ · 9:52

ఇథనాల్ ఉంటే ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది అంటున్నా.

కడియం నర్సరీ · 9:58

అయితే మూతకి ఏం వేశారు ఇప్పుడు?

రావులపాలెం షెడ్డు · బుధవారం ఉదయం 7:10

మూతే కొత్తది తెప్పించి వేశానండి, 120 రూపాయలు. అరగంట ఏకధాటిగా కోశాను, ఆగలేదు. అందరికీ థాంక్స్.

భీమవరం ఐటీఐ · 7:14

మంచిది. ఆ అరగంట కోసేటప్పుడు దుంగ తగలకుండా ఫుల్ రేజ్‌లో శబ్దం ఎలా ఉంది? బరబరమందా, కీచుమందా? హెచ్ "ఒక తిప్పు దగ్గరికి" అన్నారు, కచ్చితంగా ఎంత? పిస్టన్ మీద ఆల్రెడీ గీతలున్నాయి, కాస్త రిచ్‌గానే వదలండి.

రావులపాలెం షెడ్డు · మధ్యాహ్నం 2:40

పొద్దున్నే ఓనరు పట్టుకెళ్ళిపోయాడండి. వాళ్ళ పెంకుటింటి మీద చెట్టు ఒరిగిందట.

పాత రంపం · 2:55

చెయిన్ ఆకురాయి పెట్టి ఇచ్చావా?