మెదడు మడతలకు కారణం బయటి రేడియల్ గ్లియానేనా?

సుధీర్_బయో:
మనిషి కార్టెక్స్ (మెదడు పై పొర) ఇంతగా పెరిగి మడతలు పడటానికి అసలు కారణం బయటి రేడియల్ గ్లియా అనే నేనంటాను. పిండం మెదడులో న్యూరాన్లను (నాడీకణాలను) పుట్టించే పూర్వగామి కణాల్లో ఇవొక రకం; మెదడు లోపలి కుహరానికి దూరంగా, బయటివైపు ఉంటాయి. 2010లో నాడీశాస్త్రవేత్త క్రీగ్‌స్టీన్ బృందం వీటిని మానవ కణజాలంలో చూపించింది. కణదేహం ఉన్నట్టుండి పైకి గెంతుతుంది, ఆ వెంటనే రెండుగా చీలుతుంది. మడతల్లేని చిట్టెలుక మెదడులో ఇవి చాలా అరుదు. ఇంతకంటే రుజువేం కావాలి?

వనజ_కె:
మరి మార్మొసెట్ కోతి సంగతేంటి సుధీర్ గారూ? దాని పిండంలోనూ ఇవి దండిగా ఉన్నాయని 2012లోనే తేలింది. మెదడు మాత్రం దాదాపు నున్నగానే ఉంటుంది. కణాలు ఉన్నంత మాత్రాన సరిపోదు, అవి ఎన్ని విడతలు విభజన చెందాయో చూడాలి. మొదట్లో కుహరం గోడనంటిన కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతాయి. అప్పుడు ఒక్క విడత ఎక్కువైతే చాలు, పూర్వగామి కణాల మూలధనం రెట్టింపు. ఆ తర్వాతి విభజనల్లో ఒక పిల్లకణం పూర్వగామిగానే మిగులుతుంది, రెండోది న్యూరాన్ అవుతుంది, లేదా మరోసారి చీలి న్యూరాన్లనిస్తుంది. చిట్టెలుకలో సుమారు 6 రోజుల్లో 11 విడతలతో పని ముగుస్తుంది. మకాక్ కోతిలో ఒక్కో విడతకు పట్టే సమయం ఎక్కువే, అయినా 60 రోజుల్లో కనీసం 28 విడతలు జరుగుతాయి. నా దృష్టిలో అసలు తేడా అక్కడుంది.

సుధీర్_బయో:
2020 ప్రయోగాన్ని వదిలేశారేం? మనుషుల్లో మాత్రమే ఉండే ఏఆర్‌హెచ్‌జీఏపీ11బీ జన్యువును మార్మొసెట్ పిండాల్లో పెట్టారు. బయటి రేడియల్ గ్లియా పెరిగాయి, కార్టెక్స్ విస్తరించింది, నున్నటి చోట మడతలొచ్చాయి!

వనజ_కె:
అది నా మాటకే బలం. కణాలు ముందే ఉన్నాయి కదా! ఆ జన్యువు మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగాల్లో) గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం వాడకాన్ని పెంచి, పూర్వగామి కణాలు ఇంకా ఇంకా చీలేలా చేస్తుంది.

ఫాతిమా_హెచ్:
మీరిద్దరూ పెరుగుదలనీ మడతలనీ ఒకే గాటన కడుతున్నారు. 2016లో హార్వర్డ్ శాస్త్రవేత్త మహదేవన్ బృందం పిండం మెదడు ఆకారంలో జెల్ నమూనా చేసి ద్రావకంలో ముంచింది. పై పొర ఉబ్బి, లోపలిది ఉబ్బకపోయేసరికి అసలు మెదడులో లాంటి మడతలే పడ్డాయి. అందులో కణాలే లేవు! కణవిభజన కార్టెక్స్ వైశాల్యాన్ని ఇస్తుంది, మడత పెట్టేది ఒత్తిడి.

సుధీర్_బయో:
ఒత్తిడి సంగతి సరే. ఆ వైశాల్యం ఎవరిచ్చారన్నదే నా ప్రశ్న. వనజ గారూ, మీరు చెప్పిన 28 విడతలు కుహరం పక్కనున్న కణాల లెక్క. మనిషిలో, మార్మొసెట్‌లో ఒక్కో బయటి రేడియల్ గ్లియా ఎన్నిసార్లు చీలుతుందో పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింట్లోనూ ఒకేలా ఉంటే మీ వాదన నిలవదు. మనిషిలో ఎక్కువని తేలితే నా వాదనలో సగం మీదే.