ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన లేవీ గోత్రంవారు, అంటే లేవీయులు, మొదటి నుంచీ యాజకుల సహాయకులేనా, లేక ఒకప్పుడు తామే యాజకులా?

చరిత్ర విద్యార్థి:
బైబిలులోని సంఖ్యాకాండము ప్రకారం బలిపీఠపు సేవ మోషే అన్న అహరోను కుమారులకే చెందుతుంది. మిగిలిన లేవీయులు వారికి సహాయకులు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం మాత్రం లేవీ గోత్రమంతటినీ యాజకులుగానే పేర్కొని, ఏ ఊరి లేవీయుడైనా యెహోవా ఏర్పరచుకొన్న స్థలానికి వచ్చి సేవ చేయవచ్చుననీ, అక్కడివారితో సమానమైన వంతు పొందవచ్చుననీ చెబుతుంది. ఈ రెండింటినీ ఒకే కాలపు ఏర్పాటుగా చదవడం నాకు సాధ్యం కావడం లేదు. సుమారు క్రీ.పూ. 622లో యూదా రాజు యోషీయా ఉన్నత స్థలాలను, అంటే ఊరూరా ఉన్న బలిపీఠాలను, పడగొట్టి ఆరాధనను యెరూషలేముకు పరిమితం చేసినప్పుడు జీవనాధారం పోయిన పల్లె యాజకులే తరువాతి కాలపు లేవీయులని నా అభిప్రాయం. 1878లో జర్మన్ పండితుడు జూలియస్ వెల్‌హాసన్ చేసిన వాదన కూడా ఈ దారిలోనిదే. కాదనేవారు ఆధారాలతో చెప్పగలరు.

వాక్య ధ్యాని:
అరణ్యంలో ఆరాధన గుడారాన్ని తరలించేటప్పుడు లేవీ వంశాలలో ఒకటైన కహాతీయులు మందసాన్ని (దేవుని ఆజ్ఞల పెట్టెను), బల్లను, దీపవృక్షాన్ని భుజాల మీద మోయాలి. తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, పలకలూ స్తంభాలూ మోసే మెరారీయులకు నాలుగు బండ్లు ఇచ్చారు. రాతి ఆలయం వెలిసిన తరువాత ఇంతటి గుడారపు లెక్కను కూర్చుని కల్పించవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? పైగా లేవీయులు ఇశ్రాయేలు తొలిచూలు మగవారికి బదులుగా దేవునికి ఇయ్యబడినవారు. తొలిచూలువారు 22,273 మంది, లేవీయులు 22,000 మంది కాగా, మిగిలిన 273 మందికి తలకు ఐదు తులాల వెండి విమోచనగా చెల్లించారు. ఇది ప్రతిష్ఠ, దీనిలో పదవీచ్యుతి ఎక్కడ ఉంది? యాజకత్వం తమకూ కావాలని మోషే, అహరోనులకు ఎదురుతిరిగిన లేవీయుడు కోరహు తిరుగుబాటు కూడా ఈ భేదం అరణ్యకాలం నాటిదేనని చూపుతుంది.

చరిత్ర విద్యార్థి:
వాక్య ధ్యాని గారూ, కోరహు వృత్తాంతం యాజకత్వం విషయమై లేవీయులలో తగాదా ఉండేదని చూపుతుంది గాని, ఆ తగాదా ఏ కాలానిదో చెప్పదు. న్యాయాధిపతుల గ్రంథం 17వ అధ్యాయం చూడండి. ఎఫ్రాయిము మన్యంలోని మీకా అనే వ్యక్తి మొదట తన కుమారుణ్ణే యాజకునిగా నియమించుకొని, బేత్లెహేము నుంచి వచ్చిన లేవీయుడు దొరకగానే ఏడాదికి పది తులాల వెండి, బట్టలు, భోజనం ఇచ్చి అతణ్ణి పెట్టుకొన్నాడు. ఇక యెహోవా తనకు మేలు చేస్తాడని సంతోషించాడు కూడా. ఆ లేవీయుడు అహరోను వంశస్థుడా అని అతడు అడగలేదు. ఇక యెహెజ్కేలు 44వ అధ్యాయంలో, విగ్రహాల ముందు పరిచర్య చేసిన లేవీయులు ఇకమీదట యాజకులుగా సమీపించకూడదనీ, దావీదు కాలపు యాజకుడైన సాదోకు సంతతివారు మాత్రమే సమీపించాలనీ ఉంది. ఎన్నడూ లేని హోదాను శిక్షగా ఎలా తీసివేస్తారు?

హెబ్రీ పాఠకురాలు:
యెహెజ్కేలు విషయంలో విద్యార్థి గారి వాదన బలమైనదే. అయితే యోషీయా సంగతిలో మధ్య మెట్టు ఒకటి ఊహ మీద నిలిచి ఉంది. రెండవ రాజుల గ్రంథం 23:9 ప్రకారం ఉన్నత స్థలాల యాజకులు యెరూషలేము బలిపీఠం దగ్గరకు రాలేదు, తమ సహోదరులతో కలిసి పులియని రొట్టెలు తిన్నారు. ఆ వచనం వారిని లేవీయులని పిలవదు.

అంతకంటే ముఖ్యమైనది దశమభాగం. సంఖ్యాకాండము 18 ప్రకారం ప్రజల దశమభాగం లేవీయులది. అందులో పదో వంతును వారు యాజకులకు ఇస్తారు. లేవీయులు అధికంగా, యాజకులు కొద్దిగా ఉన్నప్పుడే ఈ పంపకం కుదురుతుంది. ఎజ్రా 2వ అధ్యాయం లెక్కలో బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యాజకులు 4,289 మంది, లేవీయులు 74 మంది. అటువంటి రోజుల్లో ఈ నియమాన్ని కొత్తగా రాసుకొనే యాజకుడు ఎవరు? యాజక ధర్మశాస్త్రం (సంఖ్యాకాండములోని ఇలాంటి యాజక నియమాలు) చెరకు ముందుదేనని యూదు పండితుడు యెహెజ్కేల్ కౌఫ్‌మన్ వంటివారు వాదించడానికి ఇదొక కారణం.

చరిత్ర విద్యార్థి:
నియమం పాతదే కావచ్చునని ఒప్పుకొంటాను. ఆ 74 అనే అంకె మాత్రం నా పక్షానే మాట్లాడుతోంది. తరువాత యాజకుడైన ఎజ్రా మరికొందరితో బబులోను నుంచి యెరూషలేముకు బయలుదేరుతూ అహవా నది దగ్గర చూసుకొంటే ఒక్క లేవీయుడూ లేడు. మనుషులను పంపి పిలిపిస్తే 38 మంది వచ్చారు. యెరూషలేములో తమకు దక్కేది రెండవ స్థానమేనని తెలిసినవారు అంత దూరం ఎందుకు నడిచి వస్తారు? వచ్చినవారు కూడా తమ భాగం అందక పొలాలకు వెళ్ళిపోయారని నెహెమ్యా 13:10 చెబుతుంది.

హెబ్రీ పాఠకురాలు:
వారు రాకపోవడానికి కారణాన్ని గ్రంథం చెప్పలేదు, మీరు చెబుతున్నారు. హోదా పోరు ఆగలేదన్నది మాత్రం నిజం. క్రీ.శ. 70లో ఆలయం నాశనం కావడానికి కొద్ది ఏళ్ళ ముందు సైతం లేవీయ గాయకులు యాజకులవలె నార వస్త్రాలు ధరించే హక్కు కావాలని రెండవ అగ్రిప్ప రాజును అర్థించి సాధించుకొన్నారని జోసెఫస్ రాశాడు. తానే యాజక కుటుంబీకుడైన ఆ చరిత్రకారుడికి అది పూర్వుల ధర్మాన్ని మీరడంగా తోచింది.